మాస్టర్ వచ్చేదాకా నిలబడ్డ మనిషి

ఉదయం ఆరూ పదికి పాలతను మా గేటుకు రెండు ప్యాకెట్లు తగిలించి పోయాడు. అప్పటికి మా ఆయన గ్రౌండుకు వెళ్ళి కాసేపయింది. వెళ్తూ వెళ్తూ, "పాలు జల్దీ లోపల పెట్టు, పిల్లి చింపుతది" అన్నాడు. అందుకని బండి చప్పుడు వినగానే గడియారం చూసి లేచాను. గేటు దగ్గర నిలబడితే ఎదుటి ఇల్లు కనిపించనంత మంచు. పుష్యమాసంలో మణుగూరు మంచు తెల్లగా ఉండదు. బొగ్గుపొడి కలిసి బూడిదరంగులో ఉంటుంది.

ఆ రోజు ఆయన చనిపోయాడు.

ఆయన బతుకంతా భూమి కిందే పనిచేశాడు. మా వైపు గనిని బాయి అంటారు, పనికి పోవడాన్ని బాయి దిగడం అంటారు. మొదట కొత్తగూడెం దగ్గర, చివరి ఏళ్ళు మణుగూరులో, బాయిలో నీళ్ళ పంపు నడిపాడు. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని. రిటైరయ్యాక కాలనీ గోడకు ఇవతల రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. పిల్లలు లేరు. ఇంటి వెనక సందు, సందు దాటితే గ్రౌండు, గ్రౌండు చివర ముళ్ళకంచె, కంచె అవతల టేకు చెట్లూ తునికి చెట్లూ. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగ్ పెడితే వంటింట్లో గిన్నెలు కదులుతాయి.

పంపు డ్యూటీ గురించి కొంచెం చెప్పాలి. పంపు ఆగితే కింద నీళ్ళు లేస్తాయి. లోపలున్న మనుషులకు దారి మూసుకుపోతుంది. అందుకని పంపు దగ్గరి మనిషి తన షిఫ్టు అయిపోయినా కదలడు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి ఎదురుగా నిలబడి "ఇగ పో" అన్నాకే కదులుతాడు. ఆ వచ్చే మనిషిని రిలీవర్ అంటారు. రిలీవర్ రాకపోతే ఆ రెండో షిఫ్టు కూడా ఇతనిదే. మా ఆయనకు ఉద్యోగంలో చాలాసార్లు అలా జరిగింది. కోపంతో ఇంటికి వచ్చేవాడు కాదు. "ఆడు రాలే, నేనున్న" అనేవాడు. దాన్ని గొప్పగానూ చెప్పుకునేవాడు కాదు, నష్టంగానూ చెప్పుకునేవాడు కాదు.

రిటైరయ్యాక బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. దవాఖానాలో డాక్టర్ నెమ్మదైన వ్యాయామం ఏదైనా చెయ్యమన్నాడు. అప్పుడే గ్రౌండులో తాయిచీ అనే చైనా వ్యాయామం మొదలైంది. నేర్పే మాస్టర్ ఖమ్మం నుంచి వచ్చినవాడు. నలభై దాటి ఉంటాయి. అంతకు ముందు కరాటే నేర్పేవాడు. మోకాళ్ళు పాడయ్యాక హైదరాబాదులో ఎవరి దగ్గరో తాయిచీ నేర్చుకున్నాడు. బాగా నేర్పేవాడు. అతని మీద నాకున్న పగ ఈ మాటను మార్చదు.

మా ఆయనకు మొదటిరోజే అది నచ్చింది. బాయిలో కప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది. అన్నేళ్ళు వంగి నడిచిన మెడ పైకి లేచేది కాదు. మాస్టర్ చెప్పేవాడట, "బాపూ, తల పైకి. ఎవరో జుట్టు పట్టి లేపినట్టు."

"జుట్టేది మాస్టర్? ఏం బట్టి లేపుతరు?"

క్లాసంతా నవ్వింది. ఆ మాట ఇంటికొచ్చి నాకు రెండుసార్లు చెప్పాడు.

అందులో నిలబడే సాధన ఒకటి ఉంది. పాదాలు భుజాలంత ఎడం పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి, ఛాతీ ముందు పెద్ద కుండను పట్టుకున్నట్టు చేతులు గుండ్రంగా పెట్టి కదలకుండా నిలబడాలి. ఊపిరి బొడ్డు కింది దాకా దిగాలి. చూసేవాళ్ళకు ఏమీ జరగనట్టే ఉంటుంది. లోపల మాత్రం తొడలు వణుకుతాయి, భుజాలు మంటెత్తుతాయి. వాటిని వదిలించుకోవాలని పోరాడకుండా వదులుగా నిలబడటమే సాధన. చీ అనే శక్తి అప్పుడే ఒళ్ళంతా సరిగ్గా తిరుగుతుందని మాస్టర్ చెప్పేవాడు. మా ఆయనకు ఆ శక్తి మాట మీద నమ్మకం లేదు. నిలబడటం మీద ఉంది. "పంపు కాడ ఉన్నట్టే ఉంటది" అన్నాడు ఒకసారి.

ఆ రోజు జరిగింది ఇది. క్లాసు నడుస్తుండగా మాస్టర్‌కు ఫోన్ వచ్చింది. ఖమ్మం నుంచి ఎవరో పెద్దమనిషి కారులో వచ్చి గేటు బయట ఉన్నాడు. మాస్టర్ అందరినీ నిలబడే సాధనలో పెట్టి, "నేనొచ్చేదాకా ఎవ్వరు కదలొద్దు" అని చెప్పి వెళ్ళాడు. తిరిగి రాలేదు. కారు మెయిన్ రోడ్డు మీది టిఫిన్ హోటల్ వైపు పోవడం కొందరు చూశారు. ఎండ కొంచెం తేలింది. ఒక్కొక్కరూ చేతులు దించి, చెప్పులు వేసుకుని ఇళ్ళకు పోయారు. మా ఆయన కంచె దగ్గర, అడవి వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. మా పక్కింటామె బట్టలు కుడుతుంది. వాళ్ళాయనకు వెల్డింగ్ షాపు. ఆమె కూడా ఆ క్లాసులో ఉండేది. వెళ్తూ ఆయన్ను పిలిచిందట.

"భయ్యా, అయిపోయింది. అందరు పోతున్నరు."

"మాస్టర్ రానీ" అన్నాడట.

కదలొద్దన్న మాట మాస్టర్ ఊరికే అని ఉంటాడు. క్లాసులో మిగతావాళ్ళందరికీ అది ఊరికే అన్న మాటలాగే వినిపించింది. ఆయనకు అది డ్యూటీ.

పెసరట్లకు పిండి రుబ్బుకుని కూర్చున్నాను. రావలసిన వేళ దాటాక సందులోంచి నడిచి వెళ్ళాను. గ్రౌండులో ఎవరూ లేరు. కంచె దగ్గర ఆయన పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. స్పృహ ఉంది. నన్ను చూసి, "మాస్టర్ వచ్చిండా?" అని అడిగాడు. నేను ఆటో కోసం అరిచాను. దవాఖానా గేటు చేరకముందే పోయాడు.

గుండె అన్నాడు డాక్టర్. ఎప్పుడైనా జరిగేదేనని కూడా అన్నాడు. అది నిజమే అయి ఉంటుంది. నిలబడటం వల్లే పోయాడని నేను ఆ రోజూ అనలేదు, ఇప్పుడూ అనను.

మాస్టర్ మధ్యాహ్నానికి వచ్చాడు. నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ఏడుస్తూనే, "నేను పక్కనే ఉన్న అమ్మా. వాపస్ వచ్చి ఆయన పక్కనే నిలబడ్డ. ఒరిగిపోంగనే బండి కోసం ఉరికిన. మీరు గప్పుడే వచ్చినట్టున్నరు" అన్నాడు.

అక్కడున్న వాళ్ళంతా విన్నారు. నేను వెళ్ళినప్పుడు గ్రౌండులో ఎవరూ లేరని నాకు తెలుసు. సందు నుంచి గేటు దాకా మొత్తం కనిపిస్తుంది. ఉరుకుతున్న మనిషి కనపడకుండా పోడు. కానీ నేను ఆ మాట అనేసరికి పక్కింటామె నా భుజం మీద చెయ్యి వేసి, "అక్కా, ఆ టైంల మీకేం కనపడతది? పరేషాన్‌లో ఉన్నరు" అంది. నా మాటకు సాక్షి ఎవరూ లేరు. అతని మాటకూ లేరు. కానీ అతను ఏడుస్తున్నాడు, నేను ఏడవడం లేదు. జనం ఏడ్చే మనిషిని నమ్ముతారు.

అంతటితో ఊరుకుని ఉంటే నేనూ ఊరుకునేదాన్నేమో. అతను ఆ చావును కథ చేశాడు.

రెండు నెలలకు పక్కింటామె వచ్చి మెచ్చుకుంటూ చెప్పింది. కొత్తగా చేరినవాళ్ళకు మాస్టర్ మా ఆయన గురించి చెప్తున్నాడట. ఒక శిష్యుడు నిలబడే సాధనలోనే కళ్ళు మూసుకుని దేహం వదిలేశాడని. ముఖంలో నవ్వుందని. మరో నెలకు ఆ కథలోకి నెమలి వచ్చింది. సరిగ్గా ఆ నిమిషంలో అడవిలో నెమలి అరిచిందట. వేసవికి ఒక పిట్ట వచ్చి ఆయన చెయ్యి మీద వాలింది.

"ఏం పిట్ట?" అని అడిగాను.

"గదేం చెప్పలే" అంది ఆమె. మళ్ళీ తనే, "రామచిలక అయి ఉంటదా అక్కా? భద్రాచలం దగ్గర కదా" అంది.

పాఠాలు చెప్పినన్నాళ్ళూ పిల్లల వ్యాసాల్లో ఇలాంటి పిట్టలను కొట్టేస్తూ వచ్చాను. ఇప్పుడు మా ఆయన చేతి మీదే వాలింది. ఆయన నవ్వలేదు. కళ్ళు మూసుకోలేదు. పక్కకు ఒరిగి, బుగ్గకు మట్టి అంటుకుని, మాస్టర్ వచ్చాడా అని అడిగాడు. ఆ ప్రశ్న ఆ కథలో లేదు. దాన్ని కప్పెయ్యడానికే పిట్టలన్నీ వచ్చాయి.

అప్పుడు నిర్ణయించుకున్నాను. నాకు అతని నుంచి ఒక్క మాట కావాలి: మరిచిపోయాను. అది అతని నోటితో, మనుషుల ముందు రావాలి. వస్తే చాలు. మిగతాది మా కాలనీ చూసుకుంటుంది. ఎందుకో చెప్తాను. బాయిలో తప్పులు మామూలు. చెయ్యి జారుతుంది, కప్పు కూలుతుంది, తాడు తెగుతుంది. ఎవరినీ పెద్దగా నిందించరు. కానీ లోపల ఒక మనిషిని పెట్టి, మరిచిపోయి పైకొచ్చినవాడు ఉంటే, వాడిని కొట్టరు, తిట్టరు. వాడితో కలిసి బాయి దిగరు. వాడు లైనులో నిలబడితే మిగతావాళ్ళు పక్కకు జరుగుతారు. కొన్నాళ్ళకు వాడే వేరే బాయికి బదిలీ అడుక్కుంటాడు. తాయిచీ క్లాసులో సగం మంది రిటైరైన కార్మికులు, మిగతా సగం వాళ్ళ భార్యలు. మాస్టర్ ఖమ్మం మనిషి. అతనికి ఈ సంగతి తెలియదు.

దినవారాలు ఎప్పుడో అయిపోయాయి. వానలు మొదలయ్యే ముందు నేను క్లాసులో చేరతానని పక్కింటామెకు చెప్పాను. ఆమె సంతోషంతో నాకొక వదులు పైజామా కుట్టింది.

"అక్కా, ఇది తొడిగితే మీరు మా అత్తగారి లెక్క కనపడుతున్నరు."

"మంచిదే కదా."

"ఆమెను చూస్తే మా గల్లీల కుక్కలు గూడ మొరగయి" అంది నవ్వుతూ.

మాస్టర్ నన్ను చూసి కంగారుపడలేదు. చేతులు జోడించాడు. "బాపు పూర్తి చెయ్యనిది మీరు చెయ్యాలె అమ్మా" అన్నాడు. ముందు వరుసలో నిలబెట్టాడు. చనిపోయిన శిష్యుడి భార్య ముందు వరుసలో ఉంటే క్లాసుకు విలువ. నాకూ అక్కడే కావాలి.

పగ మండుతుందని పుస్తకాల్లో రాస్తారు. నాలో ఏదీ మండలేదు. పొద్దున్నే లేవడం, కాళ్ళకు బూట్లు వేసుకోవడం, వెళ్ళడం. ఒక్క రోజు మానలేదు. జ్వరంతో కూడా వెళ్ళాను.

అతను నేర్పిందంతా శ్రద్ధగా నేర్చుకున్నాను. ఒక కాలి మీద బరువు నింపి, రెండో కాలు ఖాళీ చేశాకే ఆ ఖాళీ కాలు ఎత్తాలి. చాలామంది నడిచేటప్పుడు ముందుకు పడుతూ, పడకుండా ఆపుకుంటూ నడుస్తారు. తాయిచీలో పడటం ఉండదు. అడుగు పెట్టినా ఇంకా వెనక్కి తీసుకోగలిగేలా పెట్టాలి. ఊపిరి పీల్చేటప్పుడు చేతులు లేస్తాయి, వదిలేటప్పుడు దిగుతాయి. నడుము తిరిగితేనే చెయ్యి తిరగాలి, చెయ్యి ఒంటరిగా ఎక్కడికీ పోకూడదు. మూడు నెలల్లో నా మోకాలి నొప్పి తగ్గింది. నిద్ర పట్టింది. బీపీ మాత్ర సగానికి తగ్గించాడు డాక్టర్. అతన్ని కూల్చడానికి వెళ్ళిన ఒళ్ళు అతని వల్లే బాగుపడింది. దానికి నేను అతనికి ఏమీ బాకీ ఉన్నాననుకోలేదు.

చైనావాళ్ళ పాత ఆలోచనల మీద తెలుగులో దొరికినవి కొన్ని చదివాను. మెత్తనిది గట్టిదాన్ని గెలుస్తుందని వాళ్ళు నమ్ముతారు. ఎదిరించవద్దు, తప్పుకో, అతని బలాన్ని పోనీ, అది దాని బరువుతోనే పడిపోతుంది అంటారు. చాలామంది దీన్ని క్షమించడం అనుకుంటారు. నేను చదివినంతలో ఎక్కడా క్షమించమని లేదు. తొందరపడవద్దని మాత్రం ఉంది.

ఆ తర్వాత మాస్టర్ పుష్ హ్యాండ్స్ నేర్పడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు దాన్ని చేతులాట అనేవాళ్ళు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ముంజేతులు ఆనించుకుంటారు. చేతులు గుండ్రంగా తిరుగుతుంటాయి. నెట్టకూడదు, వదలకూడదు. ఈగ వాలినంత తేలికగా అంటుకుని ఉండాలి. అవతలివాళ్ళు ముందుకొస్తే నువ్వు వెనక్కి, వాళ్ళు వెనక్కి పోతే నువ్వు ముందుకు. చేత్తో వినాలి అనేవాడు మాస్టర్. అవతలి మనిషి బరువు ఎక్కడుందో, ఏ కాలికి మారబోతోందో, చర్మం చెప్తుంది. ముందు బలం వాడినవాళ్ళు ఓడినట్టు.

నాకు కావలసింది ఇందులో దొరికింది. మాస్టర్ నాతోనే ఎక్కువగా చేసి చూపించేవాడు. కథ చెప్పిన రోజున, చేతులు ఆనించి ఉన్నప్పుడు, నేను ఒక చిన్న ప్రశ్న అడిగేదాన్ని. ఒక్కటే.

"మాస్టర్, మీరు ఆ రోజు ఆయనకు ఏ పక్కన నిలబడ్డరు?"

"కుడిపక్కన అమ్మా."

ఆయన కుడిపక్కన కంచె. అక్కడ మనిషి నిలబడితే చొక్కా చిరుగుతుంది. నేను చేతులు తిప్పుతూనే ఉన్నాను. కానీ వెనక వరుసలో ఉన్న ఒక ముసలాయన తల ఎత్తి కంచె వైపు చూశాడు. అతను మా ఆయనతో కలిసి పనిచేసినవాడు, ఒకే షిఫ్టు. నన్ను వదినే అని పిలుస్తాడు, నేను షిఫ్టు మరిది అంటాను.

ఇంకోరోజు, "బండి కోసం ఎటు ఉరికిండ్రు?" అని అడిగాను. మెయిన్ గేటు వైపు అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని బరువు మడమల మీదికి పోయింది. నా ముంజేతికి తెలిసింది. అప్పటి నుంచి అతను అబద్ధం చెప్పినప్పుడల్లా బరువు వెనక్కే పోయేది. అతను నాకు నేర్పిన విద్యతోనే అది వింటున్నాను. కొంతకాలానికి కథ చెప్పడం తగ్గించాడు. నన్ను చేతులాటకు పిలవడం కూడా తగ్గించాడు. నేనే వెళ్ళి ఎదురుగా నిలబడేదాన్ని. పెద్దామెను కాదనలేడు. టీ హోటల్ దగ్గర కనిపిస్తే అక్కడే ఆగి నమస్కారం పెట్టేదాన్ని. ఏమీ అడిగేదాన్ని కాదు. నెట్టలేదు, వదల్లేదు.

షిఫ్టు మరిది ఒకరోజు సందులో ఆగాడు.

"వదినే, ఏందిది? మాస్టర్ ఎంబడి బడ్డవ్."

"తాయిచీ నేర్చుకుంటున్న."

"గిట్ల నేర్చుకునుడు నేనేడ జూడలే" అన్నాడు. కాస్త దూరం వెళ్ళి తిరిగొచ్చి, "మాస్టర్ నిజంగ పక్కనుండెనా?" అని అడిగాడు.

"ఆయన్నే అడుగు."

"నేనడిగితే చెప్తడా?"

"చెప్పడు" అన్నాను.

చలికాలం మళ్ళీ వచ్చింది. ఆయన పోయి ఏడాది అవుతోందని మాస్టర్ గ్రౌండులో కార్యక్రమం పెట్టాడు. ఒక ఆదివారం పొద్దున. షామియానా, కుర్చీలు, బల్ల మీద మా ఆయన ఫోటో. ఫోటో నన్నే అడిగి తీసుకున్నాడు. ఇచ్చాను. కొత్త బ్యాచ్‌కు మా ఆయన పేరు పెడతానన్నాడు. రిటైరైన కార్మికులందరినీ పిలిచాడు. ఖమ్మం నుంచి అతని పెద్దమనుషులు వచ్చారు. తను చేస్తూ మాట్లాడాలని కాలర్‌కు చిన్న మైకు పెట్టుకున్నాడు. దాని సంగతి నేను ముందురోజే చూశాను. మైకువాడు పరీక్షించేటప్పుడు మాస్టర్ గొణిగినా స్పీకర్లో వినిపించింది.

మొదట ఉపన్యాసం. నెమలి ఉంది, పిట్ట ఉంది, నవ్వు ఉంది. ఈసారి చివరి మాట కూడా ఒకటి కలిపాడు. "బాపు నాతో 'హాయిగుంది మాస్టర్' అన్నడు" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఊపిరి కిందికి దించాను. అది చేతనయింది, అంత నేర్చుకున్నాను.

తర్వాత పుష్ హ్యాండ్స్ చూపించడానికి నన్ను పిలిచాడు. అంతమంది ముందు పిలవక తప్పలేదు. అరవై దాటిన ఆమె, భర్త బాటలో నడుస్తున్న ఆమె అని పరిచయం చేశాడు. చేతులు ఆనించాం. తిప్పడం మొదలుపెట్టాం. నేను గొంతు బాగా తగ్గించి అడిగాను.

"హాయిగుందని ఎప్పుడన్నడు మాస్టర్?"

అతను నవ్వు ముఖం మార్చలేదు. "తర్వాత మాట్లాడుదం అమ్మా" అన్నాడు. ఆ మాట స్పీకర్లో గ్రౌండంతా వినిపించింది. నా ప్రశ్న ఎవరికీ వినిపించలేదు.

"టిఫిన్‌కు పోయినంకనా, పోకముందా?"

"అమ్మా, ఇప్పుడు గాదు."

కుర్చీల్లో కొంచెం అలికిడి. అతని బరువు మడమల మీదికి వచ్చింది. నేను అతని చేతిని అంటుకునే ఉన్నాను. అతను వెనక్కి తీస్తే నేను ముందుకు, ఈగ బరువుతోనే. వదిలించుకోవాలని చూశాడు, వదల్లేదు.

"నన్ను అడిగిండు మాస్టర్. మీరు వచ్చిండ్రా అని. నేనేం చెప్పాలె? ఏడికి పోయిండ్రు?"

"నేను పక్కనే..."

"కంచె మీదనా?"

అతని ముఖం ఎర్రబడింది. చేతులు బిగుసుకున్నాయి. ఇన్ని నెలలుగా నేను వింటున్న ఆ ముంజేతిలో మొదటిసారి బలం వచ్చింది.

"మర్చిపోయిన!" అన్నాడు. స్పీకర్ కీచుమంది. "మర్చిపోయిన, గంతే! పెద్దమనిషి వచ్చిండు, టిఫిన్ జేసినం, మాటల్ల పడి మర్చిపోయిన! ఎన్నిసార్లడుగుతవ్? ఆయన్ను ఎవలు నిలబడుమన్నరు గంత సేపు? పిచ్చోడా?"

ఆ చివరి మాటతో నన్ను రెండు చేతులతో నెట్టాడు. తప్పుకోవడం నాకు వచ్చు. అతనే నేర్పాడు. నడుము కొంచెం తిప్పితే అతనే ముందుకు పడేవాడు. నేను తిప్పలేదు. నెట్టుడంతా ఒంటి మీదికి తీసుకున్నాను. వెనక్కి పడ్డాను, ఎడమ మణికట్టు నా ఒంటి కింద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అంత తృప్తి నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

పక్కింటామె పరుగెత్తుకొచ్చి నన్ను లేపింది. "హాయ్ అల్లా, ముసలామెను నూకుతవా? నీకు సిగ్గుందా?" అని అతని మీద పడింది. షామియానా కింద మాత్రం ఎవరూ అరవలేదు. షిఫ్టు మరిది కుర్చీలోంచి లేచి నెమ్మదిగా బల్ల దాకా వచ్చాడు.

"నిలబెట్టి మర్చిపోయినవా?" అని అడిగాడు. గొంతు పెంచలేదు.

మాస్టర్ కాలర్ మైకు పీకేశాడు. "తాతా, నా మాట ఇను, కోపంల..."

"నిలబెట్టి మర్చిపోయినవా, లేదా?"

అతను ఖమ్మం పెద్దమనుషుల వైపు చూశాడు. ముసలాయన బల్ల మీద ఫోటో తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. నా దగ్గరికి వచ్చి, "నడు వదినే, దవాఖానాకు పోదం" అన్నాడు. మేం గేటు వైపు నడుస్తుంటే వెనక కుర్చీలు జరిపిన చప్పుడు వినిపించింది. ఒక్కొక్కరూ లేస్తున్నారు. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. ఖమ్మం పెద్దమనుషులకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఒకాయన, "టిఫిన్లు ఉన్నయి, కూసోండ్రి" అంటున్నాడు.

మర్నాడు పొద్దున మాస్టర్ గ్రౌండుకు వచ్చి నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. ఆ మర్నాడు కూడా. టీ హోటల్లో అతను కూర్చున్న బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి వేరే బల్లకు మారేవారట. టీ ఇచ్చేవారు, డబ్బులు తీసుకునేవారు, మాట్లాడేవారు కాదు. అతనికి కారణం కూడా ఎవరూ చెప్పలేదు. చివరికి నా దగ్గరికే వచ్చాడు. నేను కట్టు కట్టిన చేతితో వరండాలో కూర్చుని ఉన్నాను. అతను గేటు లోపలికి రాలేదు.

"అమ్మా, చేతికి క్షమించుండ్రి. కానీ నా మీద గంత కోపమేంది వీళ్ళకు? నేనేమన్న చంపిన్నా?"

"లేదు."

"గుండె ఆగి పోయిండు. డాక్టరే అన్నడు."

"అవ్. డాక్టరే అన్నడు."

"మరి మీరే ఒక మాట చెప్పరాదు వాళ్ళకు. మీరు చెప్తే ఇంటరు."

నేను చెప్తే వింటారన్నది నిజం. చెప్పను అన్నాను. అతను గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఇదివరకు అతన్ని ప్రశ్న అడిగినప్పుడల్లా నా ఎడమ ముంజేతికి అతని బరువు తెలిసేది, ఇప్పుడు ఆ చెయ్యి కట్టులో ఉంది. అతని ముఖం చూసే తెలుసుకోవలసి వచ్చింది. అలసిపోయిన మనిషి. నాకు జాలి కలగలేదు.

"ఇప్పుడు తృప్తేనా అమ్మా?"

"తృప్తే" అన్నాను.

ఎండాకాలం రాకముందే అతను గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. సత్తుపల్లిలో నేర్పుతున్నాడని ఎవరో అన్నారు. అక్కడ ఆ కథ చెప్తున్నాడో లేదో తెలియదు. చెప్పినా అక్కడ వినేవాళ్ళకు మా ఆయన తెలియడు.

పక్కింటామె నాతో చాలా రోజులు ముభావంగా ఉంది. ఒక సాయంత్రం కుట్టుమిషన్ ముందు నుంచి లేవలేక గోడ పట్టుకుని నిలబడి, నా వైపు చూసి అనేసింది.

"మీ పగ తీరింది. నా మోకాళ్ళ సంగతేంది అక్కా? కూసుంటే లేవనిస్తలేవు."

"డాక్టర్‌కు చూపించు."

"డాక్టర్ ఏం చేస్తడు, తాయిచీ చెయ్యమంటడు." తర్వాత, "మీకు అన్నీ వచ్చు కదా, మీరే చెప్పరాదు. పొద్దుగాల మేం నలుగురం వస్తం" అంది.

ఆమె అడిగింది న్యాయమే. నాకు అన్ని భంగిమలూ గుర్తున్నాయి. మణికట్టు కూడా అతుక్కుంది. నేర్పగలను. కానీ ఎదురుగా నిలబడి, నేను చెప్పేదాకా కదలకండి అని ఒక మనిషితో అనాలి. ఆ మాట నా నోటికి రాదు. అనకుండా నేర్పే పద్ధతి నాకు తెలియదు. ఆమెకు రాదని చెప్పాను. ఆమె నమ్మలేదు. నా మోకాళ్ళు కూడా మళ్ళీ నొప్పి పెడుతున్నాయి, మాత్ర మళ్ళీ పూర్తిది వేసుకుంటున్నాను. ఆమె దగ్గర ఆ సంగతి అనలేదు, ఆమె ఊరట పడుతుందేమోనని.

గ్రౌండులో పొద్దున పూట కుర్రవాళ్ళు వాలీబాల్ ఆడుతున్నారు. తాయిచీ ఎవరూ చెయ్యడం లేదు.